సొంత సర్వర్ లేని సైటుకు సెర్చ్‌లో చోటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సొంతంగా సర్వర్ పెట్టుకోకుండా విక్స్, షాపిఫై, స్క్వేర్‌స్పేస్, బ్లాగర్, వర్డ్‌ప్రెస్.కామ్ వంటి హోస్టెడ్ ప్లాట్‌ఫాంల మీద సైటు కట్టుకున్నవారు, గూగుల్ ఫలితాల్లో పైకి రావడానికి ఏం చేయాలని అడిగారు. దగ్గర దగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: పాత గడియారాలు బాగుచేయడం నా వృత్తి. విక్స్‌లో నేనే సైటు కట్టుకుని ఎనిమిది నెలలైంది. నా సంస్థ పేరు పెట్టి వెతికితే సైటు మొదటే వస్తుంది. గడియారాలు బాగుచేసేవారి కోసం వెతికితే మాత్రం ఎన్ని పేజీలు తిప్పినా కనిపించదు. ఇలాంటి ప్లాట్‌ఫాంల మీద కట్టిన సైట్లను గూగుల్ చిన్నచూపు చూస్తుందని, అంతా తీసేసి వేరేచోట మళ్లీ కట్టుకోమని తెలిసినవారు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. దయచేసి సైటు తీసేయకండి. ఆ మాటకు ఒకప్పుడు ఆధారం ఉండేది కాబట్టే అది ఇంకా వినిపిస్తోంది. 2006లో విక్స్ మొదలైన కొత్తలో అందులోని సైట్లు ఫ్లాష్ అనే పాత యానిమేషన్ సాంకేతికతతో తయారయ్యేవి. ఫ్లాష్ లోపలి అక్షరాలను చదవడం సెర్చ్ ఇంజిన్లకు కష్టమయ్యేది. 2012లో హెచ్‌టీఎంఎల్5కు మారిన తరువాత కూడా కొన్నాళ్లు లోపలి పేజీల చిరునామాల్లో హాష్ గుర్తు, దాని పక్కన ఆశ్చర్యార్థకం ఉండేవి. అటువంటి పేజీలను చదివించడానికి ప్రత్యేకమైన ఏర్పాటు ఒకటి కావలసి వచ్చేది, ఆ పద్ధతిని ఇక సిఫారసు చేయబోమని గూగుల్ 2015 అక్టోబరులో ప్రకటించింది. ఇప్పుడు విక్స్‌లోనే కాదు, పేరున్న ప్లాట్‌ఫాంలు అన్నింటిలోనూ చిరునామాలు మామూలుగానే ఉంటాయి, సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల జాబితా, దానంతట అదే తయారవుతుంది, హెచ్‌టీటీపీఎస్ భద్రత అడగకుండానే వస్తుంది. ప్రతి పేజీకి టైటిల్ రాసుకునే వీలు కూడా ఉంటుంది. గూగుల్ ఒక పేజీని ఏ ప్లాట్‌ఫాం మీద కట్టారని చూసి మార్కులు వేయదు.

సమస్య ఎక్కడుందో తెలియాలంటే మూడు మెట్లను విడివిడిగా చూడాలి. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం వచ్చి పేజీని చదవడం మొదటిది. చదివినదాన్ని గూగుల్ తన సూచికలో, అంటే ఇండెక్స్‌లో చేర్చుకోవడం రెండవది. ఎవరైనా వెతికినప్పుడు ఆ సూచికలోంచి తీసి వరుసలో పెట్టడం మూడవది. సంస్థ పేరుతో వెతికితే సైటు వస్తోందంటే కనీసం మీ మొదటి పేజీ మొదటి రెండు మెట్లు ఎక్కేసిందని అర్థం. మీ ఇబ్బంది మూడవ మెట్టు దగ్గర ఉంది, దానికి ప్లాట్‌ఫాం మార్చడం మందు కాదు.

మీరు పంపిన చిరునామాలో సైటు చూశాను. నాలుగు పేజీలున్నాయి. వాటి టైటిళ్లు "హోమ్", "సేవలు", "గ్యాలరీ", "సంప్రదించండి". ప్రతిదాని పక్కనా సంస్థ పేరు ఉంది. "సేవలు" పేజీలో మీరు చేసే తొమ్మిది రకాల పనులనూ అందమైన బోర్డులా రూపొందించి ఒక్క బొమ్మగా పెట్టారు. చూసే మనిషికి అది చక్కగా ఉంది. కాని బొమ్మను పక్కన పెడితే ఆ పేజీలో అక్షరాలుగా మిగిలింది "నాణ్యమైన సేవ మా ప్రత్యేకత" అన్న ఒక్క వాక్యమే. స్ప్రింగు, లోలకం, గంట, కీ, ఇవేవీ మీ సైటులో ఎక్కడా మాటలుగా లేవు. లేని మాటకు గూగుల్ మిమ్మల్ని ఎలా చూపిస్తుంది?

ఆ బొమ్మలోని సంగతులను మామూలు అక్షరాల్లోకి తెచ్చి, ముఖ్యమైన పనులకు వేర్వేరు పేజీలు పెట్టండి. ఒక పేజీ టైటిల్ "కీ ఇచ్చే గోడ గడియారాల మరమ్మతు: స్ప్రింగు, లోలకం, గంట భాగాలు" అని ఉంటే, అది చదివిన మనిషికీ సెర్చ్ ఇంజిన్‌కూ విషయం ఒక్కసారే తెలుస్తుంది. పేజీ లోపల మీ అనుభవం రాయండి. కీ నిండుగా ఇచ్చినా గడియారం అరగంటకే ఆగిపోతుంటే లోపలి నూనె ఎండి గట్టిపడి ఉండవచ్చు, లేదా గడియారం గోడ మీద ఒక పక్కకు ఒరిగి ఉండవచ్చు. టిక్కుకూ టాక్కుకూ మధ్య వ్యవధి సమానంగా ఉందో లేదో చెవి పెట్టి వింటూ గడియారాన్ని కొద్దిగా జరిపితే ఆ ఒరుగు సరిచేసుకోవచ్చు. ఇటువంటి సంగతి ఇంట్లో ఆగిపోయిన గడియారం పెట్టుకుని వెతుకుతున్న మనిషికి కావలసినది, మీ చేతికి తెలిసినది. "అనుభవజ్ఞులైన నిపుణులచే సంతృప్తికరమైన సేవ" అన్న వాక్యం ఏ వృత్తి సైటులోనైనా పెట్టుకోవచ్చు, కనుక అది ఎవరికీ పనికిరాదు.

పనులకు విడి పేజీలు అన్నాను కదా అని, ఒకే విషయాన్ని మాటలు అటూ ఇటూ మార్చి యాభై పేజీలు చేయకండి. అలా ర్యాంకు కోసం గుట్టలుగా పేజీలు తయారుచేయడాన్ని 2024 మార్చిలో సవరించిన నియమాల్లో గూగుల్ స్పామ్ కింద స్పష్టంగా చేర్చింది. పేజీలు మనిషి రాసినా యంత్రం రాసినా ఆ నియమం ఒక్కటే. తొమ్మిది పనుల్లో నాలుగైదింటి గురించి చెప్పడానికి నిజంగా విషయం ఉంటే నాలుగైదు పేజీలే చాలు. మొదటి పేజీ నుంచి వాటికి లింకులు ఇవ్వండి. లింకు మీద "ఇక్కడ నొక్కండి" అని కాకుండా ఆ పని పేరే రాయండి.

గడియారాలను మనుషులు మీ దగ్గరకు తెచ్చి ఇస్తారు కాబట్టి గూగుల్ మ్యాప్‌లో మీ సంస్థ వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా తప్పక నమోదు చేసుకోండి. మ్యాప్‌తో కలిసి వచ్చే ఫలితాలను గూగుల్ ప్రధానంగా మూడింటిని బట్టి ఎంచుతుంది: వెతికిన మాటకు మీ పని ఎంత సరిపోతుంది, మీరు ఎంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. దూరం మీ చేతిలో లేదు, మిగిలిన రెండింటికీ మీరు చేయగలిగింది ఉంది.

ప్రశ్న: నా సైటు పేరు మొత్తం టైపు చేసినా గూగుల్‌లో రావడం లేదు. మూడు వారాలైంది. కీవర్డ్స్ పెట్టె నింపలేదు, కారణం అదేనా?

జవాబు: కాదు. మెటా కీవర్డ్స్‌ను, అంటే ఆ పెట్టెలో రాసే మాటలను, వెబ్ ర్యాంకింగుకు వాడబోమని గూగుల్ 2009 సెప్టెంబరులోనే చెప్పింది. ఆ పెట్టెను ఖాళీగా వదిలేయండి.

ముందు ప్లాట్‌ఫాం సెట్టింగులు తెరవండి. సైటు తయారీలో ఉన్నప్పుడు బయటివారికి కనబడకుండా పెట్టిన పాస్‌వర్డ్ గాని, "త్వరలో వస్తున్నాం" అనే తెర గాని, సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే గడి గాని అలాగే ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. మీరు లాగిన్ అయి ఉంటారు కాబట్టి మీకు సైటు మామూలుగానే కనిపిస్తుంది. బ్రౌజర్‌లో ప్రైవేటు కిటికీ తెరిచి, లాగిన్ కాకుండా చూడండి. పేజీ స్థాయిలో నోఇండెక్స్ అనే గుర్తు ఉందేమో కూడా చూడాలి. ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. సెర్చ్ ఇంజిన్ల కోసం సైటులో ఉండే రోబోట్స్ ఫైలు పేజీని చదవవద్దని చెబుతుంది, నోఇండెక్స్ సూచికలో చేర్చవద్దని చెబుతుంది. రెండూ ఒకేసారి పెడితే, రోబోట్స్ ఫైలు తలుపు దగ్గరే ఆపేసిన గూగుల్‌బాట్‌కు లోపలున్న నోఇండెక్స్ కనిపించదు. అందువల్ల దాచాలనుకున్న పేజీ చిరునామా ఒక్కొక్కసారి ఫలితాల్లో తేలుతుంది.

తరువాత, మీ సైటు గూగుల్‌లో ఎలా ఉందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటును నమోదు చేసుకోండి. అది ఉచితం. దానికి సైటు మీదేనని నిరూపించాలి. మీకు సొంత డొమైన్, అంటే మీ పేరు మీదున్న సైటు చిరునామా, ఉంటే దాని సెట్టింగులలో పెట్టే డీఎన్ఎస్ రికార్డు ద్వారా, లేకపోతే ప్లాట్‌ఫాం చూపించే గడిలో గూగుల్ ఇచ్చిన కోడ్ అతికించి ఆ పని చేయవచ్చు. ఆ పైన సైట్‌మ్యాప్ చిరునామా ఇచ్చి, యూఆర్ఎల్ పరిశీలన పెట్టెలో మొదటి పేజీ చిరునామా వేసి చూడండి. పేజీ గురించి గూగుల్‌కు అసలు తెలియదా, తెలిసినా ఇంకా చదవలేదా, చదివి కూడా చేర్చుకోలేదా అన్నది అక్కడే కనిపిస్తుంది. తెలియకపోతే ఇండెక్స్ చేయమని అక్కడి నుంచే అభ్యర్థించండి. ఒక్క అభ్యర్థన చాలు, రోజూ నొక్కినందువల్ల పని తొందరగా జరగదు. చదివి కూడా చేర్చుకోలేదంటే సాధారణంగా సాంకేతిక లోపం కాదు, ఆ పేజీలో చేర్చుకోదగ్గ విషయం గూగుల్‌కు కనబడలేదని అర్థం చేసుకోవాలి. అప్పుడు సెట్టింగులు వదిలి పేజీలో రాసినదాన్ని చూసుకోవాలి.

ప్రశ్న: షాపిఫైలో నా దుకాణం. ఒకే వస్తువు రెండు చిరునామాల్లో తెరుచుకుంటోంది, ఒకటి నేరుగా, ఒకటి కలెక్షన్ (వస్తువుల గుంపు పేజీ) లోపలి నుంచి. నకిలీ పేజీలని గూగుల్ శిక్షిస్తుందేమోనని భయంగా ఉంది. చిరునామాలో మధ్యన వచ్చే "ప్రొడక్ట్స్" అనే మాటను తీసేసే మార్గం కూడా దొరకలేదు.

జవాబు: ఒకే సైటులో ఒకే వస్తువు రెండు చిరునామాల్లో ఉన్నంత మాత్రాన శిక్ష ఉండదు. రెండింటిలో అసలుది ఏదో చెప్పడానికి కెనానికల్ అనే గుర్తు ఉంది; గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి 2009 ఫిబ్రవరిలో దీన్ని ప్రవేశపెట్టాయి. షాపిఫై ఆ గుర్తును తానే పెట్టి, నేరుగా ఉన్న చిరునామాను అసలుదిగా చూపిస్తుంది. మీ థీమ్‌ను ఎవరైనా మార్చి ఉంటే అది చెడలేదని ఒకసారి సరిచూసుకోండి. కలెక్షన్ పేజీల్లోని లింకులు కూడా నేరుగా అసలు చిరునామాకే వెళ్లేలా థీమ్‌లో మార్పించుకోగలిగితే మరింత మంచిది. "ప్రొడక్ట్స్" అన్న మాట షాపిఫై నిర్మాణంలో భాగం, అది తీయడానికి రాదు, దానివల్ల మీకు నష్టమూ లేదు.

నిజంగా పట్టించుకోవలసిన నకలు వేరే ఉంది. తయారీదారు ఇచ్చిన వివరణనే మీరు అక్షరం పొల్లుపోకుండా దించి ఉంటే, అదే వివరణ అదే వస్తువు అమ్మే ప్రతి దుకాణంలోనూ ఉంటుంది. అందరి దగ్గరా ఒకే మాట ఉన్నప్పుడు గూగుల్ సాధారణంగా ఎవరో ఒకరిని చూపించి ఊరుకుంటుంది, ఆ ఒకరు మీరయ్యే అవకాశం తక్కువ. అన్ని వస్తువులకూ కొత్తగా రాయడం ఒక్కరోజులో అయ్యే పని కాదని నాకు తెలుసు. సెర్చ్ కన్సోల్‌లోని పనితీరు నివేదిక తీసి, ఎక్కువసార్లు ఫలితాల్లో కనిపించి తక్కువ క్లిక్కులు వస్తున్న పది వస్తువులను ఎంచుకుని వాటితో మొదలుపెట్టండి. వస్తువును చేతిలోకి తీసుకుని కొలత, బరువు, దేనికి సరిపోదు, కొన్నవారు మళ్లీ మళ్లీ అడిగే సందేహం ఏమిటి, ఇవి రాయండి. ముఖ్యంగా దేనికి సరిపోదో చెప్పే దుకాణాలు చాలా తక్కువ.

సరుకు అయిపోయిన వస్తువు మళ్లీ వస్తుందనుకుంటే పేజీని అలాగే ఉంచి, ఆ సంగతి పేజీ మీద చెప్పండి. ఇక రాదనుకుంటే, దానికి బదులుగా నిలబడే వస్తువు ఉన్నప్పుడు పాత చిరునామాను శాశ్వతంగా మళ్లించే 301 దారిమళ్లింపుతో అక్కడికి పంపండి. బదులు లేని పేజీలన్నింటినీ తెచ్చి మొదటి పేజీకి మళ్లించడం మాత్రం సరికాదు. వెతుక్కుంటూ వచ్చిన మనిషి అయోమయంలో పడతాడు, గూగుల్ కూడా దాన్ని లేని పేజీగానే లెక్కిస్తుంది.

ప్రశ్న: పేజీ వేగాన్ని కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ స్కోరు ఎర్రరంగులో 38 వస్తోంది. సర్వర్ నా చేతిలో లేదు. ఇక ర్యాంకు మీద ఆశ వదులుకోవాలా?

జవాబు: వదులుకోనక్కరలేదు. ఆ 38 అన్నది మధ్యరకం ఫోనును, నెమ్మది నెట్‌వర్కును ఊహించి చేసిన ఒక్క పరీక్ష ఫలితం. గూగుల్ తన ర్యాంకింగు కోసం చూసేది ఆ స్కోరును కాదు. క్రోమ్ వాడే నిజమైన మనుషుల నుంచి 28 రోజులపాటు పోగైన కోర్ వెబ్ వైటల్స్ అనే కొలతలను చూస్తుంది. మీ సైటుకు తగినంత మంది వస్తుంటే ఆ కొలతలు పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఫలితాల్లోనే పైభాగాన కనిపిస్తాయి. పేజీలోని పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కినప్పుడు స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి, తెర మీద వస్తువులు అటూ ఇటూ గెంతే కొలత 0.1 దాటకూడదు. వచ్చినవారిలో నూటికి 75 మందికైనా ఇలా ఉంటే బాగున్నట్టు లెక్క. ఇవి బాగున్నంత మాత్రాన ఖాళీ పేజీ పైకి రాదు, కొంచెం తగ్గినంత మాత్రాన మంచి పేజీ మునిగిపోదు.

సర్వర్ మీ చేతిలో లేకపోయినా బరువు చాలావరకు మీ చేతిలోనే ఉంది. మొదటి తెరలో తిరిగే ఐదు బొమ్మల స్లైడర్ తీసి ఒకే బొమ్మ పెట్టండి. ఫోను కెమెరాలోంచి వచ్చిన బొమ్మను అలాగే ఎక్కించకుండా, తెరకు అవసరమైన వెడల్పుకు తగ్గించి ఎక్కించండి. వాడడం మానేసిన యాప్‌లను తీసేయండి. చాట్ పెట్టె, పాపప్, లెక్కింపు గడియారం, ఇలా ఒక్కొక్కటీ ప్రతి పేజీకీ తన స్క్రిప్టును మోసుకొస్తుంది, కొన్ని తీసేసిన తరువాత కూడా థీమ్‌లో తమ కోడ్ ముక్కలు వదిలిపోతాయి. మూడు నాలుగు రకాల ఫాంట్లు ఉంటే రెండుకు తగ్గించండి. ఒక్కొక్క మార్పు చేసి, మళ్లీ కొలిచి, అప్పుడు తరువాతిది చేయండి. అన్నీ ఒకేసారి చేస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు.

ప్రశ్న: బ్లాగర్‌లో తెలుగులో రాస్తాను. టపా చిరునామా చివర ఎప్పుడూ "బ్లాగ్ పోస్ట్" అని, పక్కన ఏదో అంకె వస్తోంది. ఇందువల్ల వెనకబడుతున్నానా?

జవాబు: కొద్దిగా మాత్రమే. శీర్షికలో ఇంగ్లీషు అక్షరాలు లేకపోతే బ్లాగర్ అలా పేరు పెట్టేస్తుంది. ప్రచురించే ముందు పక్కనున్న పర్మాలింక్ గడిలో విషయం తెలిసేలా రెండు మూడు మాటలు ఇంగ్లీషు లిపిలో మీరే రాయండి. తెలుగు అక్షరాల చిరునామాలు కూడా గూగుల్‌కు సమ్మతమే గాని, ఎక్కడైనా అతికించినప్పుడు ఒక్కొక్క తెలుగు కోడ్ గుర్తు తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా విడిపోయి చిరునామా చాంతాడంత అవుతుంది. పాత టపాల చిరునామాలను ఇప్పుడు మార్చకండి, వాటికి ఇప్పటికే ఉన్న లింకులు తెగిపోతాయి. శీర్షిక మాత్రం తెలుగులో, మీ పాఠకులు వెతికే మాటల్లో ఉండాలి. సెట్టింగులలో శోధన వివరణను ఆన్ చేసి, ప్రతి టపాకూ రెండు వాక్యాలు రాయండి. ఆ వివరణ ర్యాంకును పెంచదు, కాని ఫలితాల్లో దాన్నే చూపించినప్పుడు చదివినవారు నొక్కాలా వద్దా అని తేల్చుకునేది దాన్ని బట్టే. లేబుల్ పేజీలను రోబోట్స్ ఫైలు ఆపుతోందని సెర్చ్ కన్సోల్ చెబితే కంగారు పడకండి, బ్లాగర్ మొదటి నుంచీ అలాగే అమర్చి ఇస్తుంది.

ప్రశ్న: నెలలోపు గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అని, వెయ్యి బ్యాక్‌లింకులు ఇస్తామని ఒక సంస్థ ఫోను చేస్తోంది. ఒప్పుకోమంటారా?

జవాబు: ఒప్పుకోవద్దు. మొదటి స్థానం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తానే రాసి పెట్టింది. బ్యాక్‌లింకులు, అంటే ఇతర సైట్ల నుంచి మీ సైటుకు వచ్చే లింకులు, వాటి విలువ నిజమైనది. గూగుల్ స్థాపకులు ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించిన పేజ్‌ర్యాంక్ అనే లెక్కింపు పద్ధతి నిలబడింది దాని మీదే. ఒక పేజీకి ఇతరులు లింకు ఇవ్వడమంటే అది తమకు ఉపయోగపడిందని చెప్పడమని వారి ఆలోచన. కొనుక్కున్న లింకు ఆ మాట చెప్పదు, అందుకే అటువంటి లింకులతో పైకి వచ్చిన సైట్లను 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ కిందికి దించింది. ఇప్పుడు చాలావరకు వాటిని లెక్కలోకే తీసుకోదు, కొన్నిసార్లు మనుషులు చూసి చర్య తీసుకుంటారు. అంటే మీ డబ్బు పోవడం ఖాయం, సైటుకు దెబ్బ తగిలే అవకాశం అదనం. మీకు సరుకు ఇచ్చేవారు, మీ పని గురించి రాసినవారు, మీరు సభ్యులుగా ఉన్న సంఘాలు, వీరి సైట్లలో మీ పేరు ఉండి లింకు లేకపోతే అడగండి. అలా వచ్చే నాలుగు లింకులు ఆ వెయ్యింటికన్నా మేలు.

ప్రశ్న: ఉచిత చిరునామా మీద రెండేళ్లుగా సైటు నడుపుతున్నాను. ఇప్పుడు సొంత డొమైన్ కొనాలా? రేపు ప్లాట్‌ఫాం మారితే ర్యాంకు ఏమవుతుంది?

జవాబు: కొనండి, ఆలస్యం చేయకండి. ఉచిత చిరునామాలో ప్లాట్‌ఫాం పేరు ఉన్నందువల్ల ర్యాంకు తగ్గుతుందని కాదు. ఆ చిరునామా మీది కాదు కాబట్టి అక్కడి నుంచి వెళ్లిపోయే రోజున పాత పేజీలను కొత్త చోటికి మళ్లించే అధికారం సాధారణంగా మీకు ఉండదు. రెండేళ్లలో ఇతరులు ఇచ్చిన లింకులన్నీ అక్కడే ఆగిపోతాయి. అదే ప్లాట్‌ఫాంలో ఉంటూ సొంత డొమైన్ కలిపితే చాలాచోట్ల పాత చిరునామా కొత్తదానికి తనంతట తానే మళ్లుతుంది. బ్లాగర్‌లో అలాగే జరుగుతుంది. కలిపిన తరువాత పాత చిరునామా టైపు చేసి చూడండి. డొమైన్‌ను మీ పేరు మీద, మీ ఈమెయిలుతో, వీలైతే ప్లాట్‌ఫాంతో సంబంధం లేని రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే సంస్థ) దగ్గర నమోదు చేయించండి. సైటు కట్టించి ఇచ్చినవారి పేరు మీద డొమైన్ ఉండిపోయి తరువాత ఇబ్బంది పడ్డవారి ఉత్తరాలు నాకు వస్తూనే ఉన్నాయి.

ప్లాట్‌ఫాం మారే రోజు వచ్చినప్పుడు, మారకముందే సెర్చ్ కన్సోల్ నుంచి క్లిక్కులు వస్తున్న పేజీల జాబితా దించుకోండి. అక్కడ 16 నెలల వివరాలు ఉంటాయి. జాబితాలోని ప్రతి పాత చిరునామాకూ ఎదురుగా కొత్త చిరునామా రాసి, కొత్త చోట 301 దారిమళ్లింపులు పెట్టండి. చిరునామాల నిర్మాణం ఒక ప్లాట్‌ఫాంకూ మరొకదానికీ కలవదు కాబట్టి ఈ పని ఒక్కొక్క పేజీకీ చేయవలసిందే. కొన్ని వారాలు ఫలితాలు పైకీ కిందికీ ఊగుతాయి, ఆ సమయంలో టైటిళ్లను కూడా మార్చడం మొదలుపెట్టకండి. దారిమళ్లింపులను కనీసం ఏడాదిపాటు ఉంచమని గూగుల్ చెబుతోంది. తీసేయవలసిన అవసరం లేకపోతే అలాగే ఉంచేయండి.